తడబడే ఆరంభం: ఇంటి కంప్యూటర్ మరమ్మతు విద్య చరిత్ర

కంప్యూటర్ మీట నొక్కడానికీ తెర మీద మొదటి అక్షరం కనిపించడానికీ మధ్య గడిచేది కొన్ని సెకన్లే. ఆ కాస్త వ్యవధిలోనే సరఫరా వోల్టేజీలు స్థిరపడటం, ప్రాసెసర్ తన మొదటి ఆదేశాన్ని చదవడం, మెమరీ పరీక్షకు నిలవడం, డిస్కులో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను వెతికి పట్టుకోవడం అనే పనులు ఒకదాని వెనుక ఒకటి క్రమం తప్పకుండా జరగాలి. వాటిలో ఏ ఒక్కటి అనుకున్న సమయానికి పూర్తికాకపోయినా యంత్రం అక్కడే నిలిచిపోతుంది. అసలే మొదలుకాని కంప్యూటర్‌లో లోపాన్ని కనిపెట్టడం ఓపికతో అయ్యే పనే. పొద్దున మొరాయించి మధ్యాహ్నానికి మామూలుగా నడిచే కంప్యూటర్ మాత్రం మరమ్మతు చేసేవారికి అసలైన పరీక్ష, ఎందుకంటే పూర్తిగా చెడిన భాగం ఎప్పుడు పరీక్షించినా దొరుకుతుంది గాని, చెడీ చెడని భాగం పరీక్షించే వేళకు బాగానే పనిచేస్తూ కనిపిస్తుంది. ఈ తరహా లోపాన్ని పట్టుకునే విద్య ఎలా రూపుదిద్దుకుంది, ఏ పరికరాలతో పెరిగింది, తెలుగు ప్రాంతాలకు ఏ దారిన చేరింది అని పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది: తాను ఎక్కడ ఆగిందో యంత్రం చెప్పగలిగిన కాలంలో, దాని నిర్మాణం అందరికీ తెలిసిన కాలంలో ఈ విద్య విస్తరించింది, ఆ సమాచారం మూతపడిన కొద్దీ అది కొద్దిమంది చేతుల్లోకి కుదించుకుపోయింది.

మీటలూ దీపాలూ

కంప్యూటర్ మొదలవడంలోనే ఒక మౌలికమైన చిక్కు ఉంది. ప్రాసెసర్ ఏ పని చేయాలన్నా అందుకు కావలసిన ఆదేశాలు ముందే మెమరీలో ఉండాలి. వాటిని బయటి నుంచి చదివి తెచ్చుకోవాలంటే, ఆ చదివే పనికి కూడా కొన్ని ఆదేశాలు కావాలి. 1952లో ఐబీఎం సంస్థ ప్రకటించిన 701 యంత్రంలో ఈ చిక్కును తీర్చడానికి 'లోడ్' అనే మీటను ఏర్పాటు చేశారు. దాన్ని నొక్కితే కార్డుల నుంచో, టేపు నుంచో, డ్రమ్ము నుంచో మొదటి పదం, అంటే 36 బిట్ల సమాచారం, నేరుగా మెమరీలోకి చేరి మిగతా పనికి దారి తీసేది. 1965లో వచ్చిన పీడీపీ-8 వంటి మినీ కంప్యూటర్లలో ఈ పని మనిషి చేతికే వచ్చింది. ఆపరేటరు యంత్రం ముందు పలక మీద ఉన్న మీటలను పైకీ కిందికీ జరుపుతూ కొద్దిపాటి ఆదేశాలను ఒక్కొక్కటిగా మెమరీలో నింపితే, ఆ చిన్న ప్రోగ్రాము కాగితపు టేపు మీద ఉన్న పెద్ద ప్రోగ్రామును చదువుకునేది.

భారతదేశంలో ఈ తరం యంత్రాల తయారీకి హైదరాబాద్‌తో నేరుగా సంబంధం ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లుకు చెందిన శాస్త్రవేత్త అయ్యగారి సాంబశివరావు, అంటే అందరూ ఎ.ఎస్. రావుగా ఎరిగినవారు, చొరవ తీసుకోగా 1967లో హైదరాబాద్‌లో నెలకొన్న ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే ఈసీఐఎల్, ట్రాంబేలోని అణు పరిశోధన కేంద్రంలో రూపొందిన టీడీసీ-12 కంప్యూటర్‌ను ఉత్పత్తి చేసింది. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అన్న పేరుకు సంక్షిప్త రూపమైన టీడీసీ శ్రేణిలో ఇది 12 బిట్ల యంత్రం. తర్వాత ఇదే శ్రేణిలో టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి.

ఇంట్లో పెట్టుకోదగిన కంప్యూటర్‌గా మొదట ప్రాచుర్యం పొందిన ఆల్టెయిర్ 8800, 1975 జనవరిలో ఒక అమెరికన్ ఎలక్ట్రానిక్స్ పత్రిక ముఖచిత్రంగా వెలువడినప్పుడు, ఆ మీటల పద్ధతినే వెంట తెచ్చుకుంది. అందులో బేసిక్ భాషను నడపాలంటే వినియోగదారుడు కరెంటు ఇచ్చిన ప్రతిసారీ సుమారు 20 బైట్ల ప్రారంభ ప్రోగ్రామును మీటలతో ఎక్కించాలి. ఒక్క బిట్ తప్పినా టేపు కదులుతుంది గాని ప్రోగ్రాము మొదలుకాదు. శ్రమతో కూడిన ఈ పద్ధతిలో మరమ్మతు చేసేవారికి ఒక మేలు కూడా ఉండేది. ముందు పలక మీది దీపాలు ప్రాసెసర్ ఏ చిరునామా దగ్గర ఉందో, అక్కడి మెమరీలో ఏ విలువ ఉందో సూటిగా చూపేవి కాబట్టి, యంత్రం ఆగిన చోటు చూసేవారి కంటి ముందే ఉండేది.

ఆ మీటలను తొలగించి, ప్రారంభ ప్రోగ్రామును ఎప్పటికీ చెరగని రీడ్ ఓన్లీ మెమరీ చిప్పులో, అంటే రోమ్‌లో, శాశ్వతంగా భద్రపరచడం తర్వాతి మెట్టు. 1977 నాటి ఆపిల్ 2 యంత్రాన్ని ఆన్ చేశాక రీసెట్ మీట నొక్కవలసి వచ్చేది. 1979లో ఆపిల్ 2 ప్లస్‌తో వచ్చిన ఆటోస్టార్ట్ రోమ్ ఆ అవసరాన్ని తీసివేసి, యంత్రం తనంతట తానే డిస్కును వెతుక్కునేలా చేసింది. ఆ మరుసటి ఏడాది వచ్చిన ఆపిల్ 3 ఆగి ఆగి వచ్చే లోపాల చరిత్రలో పాఠంగా నిలిచిపోయింది. ఫ్యాను లేని ఆ యంత్రంలో వేడికి వ్యాకోచించి, చల్లదనానికి సంకోచించే క్రమంలో చిప్పులు తమ సాకెట్లలోంచి కొద్దికొద్దిగా పైకి లేచి పట్టు తప్పేవి. అప్పుడు యంత్రాన్ని బల్ల మీంచి రెండు మూడు అంగుళాలు ఎత్తి వదలాలని సాంకేతిక సిబ్బంది వినియోగదారులకు సలహా ఇచ్చారు. ఆ సలహా ఎంత విడ్డూరంగా కనిపించినా దాని వెనుక ఉన్న నిర్ధారణ సరైనదే: చిప్పు చెడలేదు, చిప్పుకూ సాకెట్‌కూ మధ్య ఉన్న స్పర్శ చెడింది. ఇప్పటికీ మరమ్మతు దుకాణాల్లో లూజ్ కాంటాక్ట్ అని పిలిచేది ఈ లోపాన్నే.

యంత్రానికి గొంతు వచ్చిన కాలం

1981 ఆగస్టు 12న విడుదలైన ఐబీఎం పర్సనల్ కంప్యూటర్‌తో ఈ విద్యకు స్థిరమైన వ్యాకరణం ఏర్పడింది. ఆ యంత్రానికి ప్రాణమైన విద్యుత్ సరఫరా పెట్టె సామర్థ్యం 63.5 వాట్లు మాత్రమే. తన వోల్టేజీలన్నీ హద్దుల్లోకి వచ్చాయని రూఢి చేసుకున్నాకే అది పవర్ గుడ్ అనే సంకేతాన్ని పంపేది. ఆ సంకేతం అందేదాకా గడియార చిప్పు ప్రాసెసర్‌ను రీసెట్ స్థితిలోనే పట్టి ఉంచేది. సంకేతం అందగానే 8088 ప్రాసెసర్ తన 1 మెగాబైట్ చిరునామాల ప్రదేశంలో చివరి 16 బైట్ల దగ్గర ఉన్న మొదటి ఆదేశాన్ని చదివి, అక్కడి నుంచి బయోస్ అనే ప్రారంభ ప్రోగ్రాములోకి దూకేది. బయోస్ చేసే తొలి పని యంత్రాన్ని తానే పరీక్షించుకోవడం. పోస్ట్ అనే సంక్షిప్త నామంతో ప్రసిద్ధమైన ఈ స్వీయ పరీక్షలో ప్రాసెసర్, రోమ్, టైమర్, తొలి 16 కిలోబైట్ల మెమరీ, తెరకు సంబంధించిన కార్డు, మిగతా మెమరీ, కీబోర్డు, డిస్కు వరుసగా తనిఖీకి వచ్చేవి.

తెర ఇంకా వెలగని దశలో లోపం బయటపడితే దాన్ని చెప్పడానికి యంత్రానికి మిగిలింది చిన్న స్పీకరు ఒక్కటే. ఒక చిన్న బీప్ వినిపిస్తే అంతా సవ్యంగా ఉన్నట్టు, ఒక పెద్ద బీప్ తర్వాత రెండు చిన్నవి వినిపిస్తే తెర కార్డులో లోపం ఉన్నట్టు, ఒక పెద్దదీ ఒక చిన్నదీ అయితే మదర్‌బోర్డులో లోపం ఉన్నట్టు, అసలు శబ్దమే రాకపోతే ముందుగా విద్యుత్ సరఫరాను అనుమానించాలన్నట్టు మరమ్మతు పుస్తకాలు వివరించాయి. తెర వెలిగాక వచ్చే లోపాలకు అంకెలు కేటాయించారు: 201 అంటే మెమరీ, 301 అంటే కీబోర్డు, 601 అంటే ఫ్లాపీ డిస్కు. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మీటలను కలిపి నొక్కి తిరిగి మొదలుపెట్టినప్పుడు బయోస్ మెమరీలో ఒక నిర్ణీత స్థానంలో 1234 అనే హెక్సాడెసిమల్ విలువ ఉందేమో చూసి, ఉంటే సుదీర్ఘమైన మెమరీ పరీక్షను వదిలేసేది. పూర్తిగా కరెంటు తీసి మొదలుపెట్టడానికీ నడుస్తున్న యంత్రాన్ని మళ్లీ మొదలుపెట్టడానికీ ఉన్న ఈ తేడా, కోల్డ్ బూట్, వార్మ్ బూట్ అన్న పేర్లతో, రోగ నిర్ణయంలో నేటికీ మొదటి ప్రశ్నగా మిగిలి ఉంది.

ఇంతకంటే ముఖ్యమైనది, ఐబీఎం తన సాంకేతిక సూచిక గ్రంథంలో మదర్‌బోర్డు సర్క్యూట్ చిత్రాలనూ బయోస్ ప్రోగ్రాము పూర్తి పాఠాన్నీ అచ్చువేసి అమ్మడం. పుస్తకం కొన్న ఎవరైనా యంత్రం ఏ పరీక్ష దగ్గర ఎందుకు ఆగిందో వరుస వెంట వరుస చదివి తెలుసుకోగలిగారు. ఈ బహిరంగత వల్లనే కాంపాక్ వంటి సంస్థలు, ఆ పాఠాన్ని నకలు చేయకుండా, అదే పని చేసే బయోస్‌ను స్వతంత్రంగా రాయించుకుని అనుకూల యంత్రాలను తయారుచేశాయి. 1984లో ఫీనిక్స్ సంస్థ తన బయోస్‌ను ఇతర తయారీదారులకు అమ్మడం మొదలుపెట్టాక, భాగాలను విడివిడిగా కొని కూర్చుకునే కంప్యూటర్ల యుగం నిజంగా ప్రారంభమైంది. అదే ఏడాది వచ్చిన ఐబీఎం ఏటీ యంత్రంలో స్వీయ పరీక్ష ఒక్కో మెట్టు దాటినప్పుడల్లా 80 అనే హెక్సాడెసిమల్ సంఖ్య గల పోర్టుకు ఒక సంకేతాన్ని పంపే పద్ధతి వచ్చింది. ఆ పోర్టును చదివి రెండు అక్షరాల సంకేతాన్ని చిన్న ఎర్ర అంకెల్లో చూపే డీబగ్ కార్డు మరమ్మతు బల్ల మీద అనివార్యమైన పనిముట్టయింది. మీటల కాలంలో ముందు పలక దీపాలు చెప్పిన సంగతినే అది మరో రూపంలో తిరిగి చెప్పింది.

ప్రభుత్వ సంస్థ నుంచి దుకాణం దాకా

భారతదేశంలో కంప్యూటర్ మరమ్మతు మొదట ప్రభుత్వ బాధ్యతగా రూపుదిద్దుకుంది. 1973 నాటి విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం విధించిన వాటా పరిమితులను అంగీకరించని ఐబీఎం 1978లో దేశం విడిచి వెళ్లింది. దానికి ముందే, 1975లో, భారత ప్రభుత్వం కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్‌ను నెలకొల్పింది. తర్వాత సీఎంసీగా పేరుపడిన ఆ సంస్థ దేశమంతటా ఐబీఎం వదిలివెళ్లిన యంత్రాల నిర్వహణ బాధ్యతను స్వీకరించింది. తయారు చేసినవారు అందుబాటులో లేని యంత్రాలను నడిపించవలసి రావడం వల్ల, లోపాన్ని మూలం దాకా వెతికి సరిచేసే శిక్షణ పొందిన ఇంజనీర్ల తరం ఒకటి తయారైంది. హైదరాబాద్‌లో పరిశోధన కేంద్రాన్ని కూడా నడిపిన సీఎంసీ 2015లో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌లో విలీనమైంది.

1984 నవంబరులో ప్రకటించిన కొత్త కంప్యూటర్ విధానం దిగుమతుల మీద ఆంక్షలను సడలించింది. 1991 ఆర్థిక సంస్కరణలు, సమాచార సాంకేతిక పరికరాల మీద సుంకాలను క్రమంగా తొలగించేందుకు 1997లో భారత్ చేరిన అంతర్జాతీయ ఒప్పందం ఆ దారిని మరింత వెడల్పు చేశాయి. దాంతో ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్, ముంబయిలోని లామింగ్టన్ రోడ్డు, చెన్నైలోని రిచీ స్ట్రీట్, బెంగళూరులోని ఎస్పీ రోడ్డు మాదిరిగా సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరి నోటా సీటీసీగా స్థిరపడిన పేరుతో, కంప్యూటర్ భాగాలకు కేంద్రమైంది. క్యాబినెట్, మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, హార్డ్ డిస్కు వేర్వేరు కంపెనీలవి కొని అక్కడే కూర్చి ఇచ్చే అసెంబుల్డ్ కంప్యూటర్ మధ్యతరగతి ఇంటికి అందుబాటు ధరలో చేరింది. భాగాలన్నిటి బాధ్యతా ఒకే కంపెనీ మీద ఉండదు కాబట్టి, యంత్రం సరిగా మొదలుకానప్పుడు దోషం ఏ భాగానిదో తేల్చడం దుకాణంలోని టెక్నీషియన్ పని అయింది. వారంటీ ఎవరిని అడగాలన్నది కూడా ఆ తీర్పు మీదే ఆధారపడేది.

ఈ వృత్తిలో రెండు అంచెలు ఏర్పడ్డాయి. అనుమానం ఉన్న భాగాన్ని తీసి మంచి భాగాన్ని పెట్టి చూసి, చెడినదాన్ని మార్చేయడం కార్డ్ లెవెల్ సర్వీసు. చెడిన బోర్డు మీద ఏ చిప్పు, ఏ కెపాసిటర్, ఏ ట్రాన్సిస్టర్ పోయిందో మల్టీమీటరుతో వెతికి, సోల్డరింగ్‌తో మార్చడం చిప్ లెవెల్ సర్వీసు. సంపన్న దేశాల్లో మొదటిది చాలని వదిలేసిన చోట, బోర్డు ధర కుటుంబ నెల ఆదాయంతో పోల్చదగినంతగా ఉన్న ఈ దేశంలో రెండోది గౌరవప్రదమైన ప్రత్యేక విద్యగా నిలబడింది.

హద్దుల మీద నిలిచే లోపాలు

ఒకసారి మొదలై, మరోసారి మొదలుకాని యంత్రాల అనుభవం నుంచి ఈ టెక్నీషియన్లు నేర్చుకున్న సత్యం ఏమిటంటే, అలాంటి లోపం దాదాపు ఎప్పుడూ ఏదో ఒక హద్దు మీద ఉంటుంది: వోల్టేజీ హద్దు, కాలం హద్దు, లోహ స్పర్శ హద్దు.

వోల్టేజీ విషయంలో తెలుగు ప్రాంతాల పరిస్థితి కంప్యూటర్లకు కఠినమైన పరీక్షే పెట్టింది. గృహాలకు అందవలసిన 230 వోల్టులు వేసవి సాయంత్రాల్లో బాగా పడిపోవడం, కోతల తర్వాత కరెంటు ఒక్కసారిగా ఎగిసిపడుతూ తిరిగి రావడం చాలా ఊళ్లకు అలవాటైన విషయాలు. 2012–13లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎదుర్కొన్న తీవ్ర విద్యుత్ కొరతలో పరిశ్రమలకు పవర్ హాలిడేలు ప్రకటించవలసి వచ్చింది. అందుకే స్టెబిలైజరు, ఆ తర్వాత యూపీఎస్ ఇంటి కంప్యూటర్‌కు విడదీయరాని తోడులయ్యాయి. కరెంటు పోయిన క్షణం నుంచి యూపీఎస్ అందుకునేదాకా గడిచే సుమారు 10 మిల్లీసెకన్లలోపు వ్యవధిని, సరఫరా పెట్టెలోని పెద్ద కెపాసిటర్ తన నిల్వతో దాటించాలి. కొత్త పెట్టె పూర్తి భారం మీద కూడా సుమారు 16 మిల్లీసెకన్లు నిలబడగలదు. కెపాసిటర్ ముసలిదైన కొద్దీ ఆ నిల్వ తరుగుతుంది. యూపీఎస్ బాగానే ఉన్నా కరెంటు పోగానే కంప్యూటర్ రీస్టార్ట్ అవుతోందన్న ఫిర్యాదుకు తరచూ ఇదే కారణం కాగా, ఇంటివారు యూపీఎస్ బ్యాటరీ మార్చి డబ్బు ఖర్చు చేయడం పరిపాటి. ఎర్తింగ్ లేని ఇళ్లలో సరఫరా పెట్టెలోని వడపోత కెపాసిటర్ల మీదుగా క్యాబినెట్ లోహానికి మెయిన్స్‌లో సగం వోల్టేజీ దాకా చేరి, ముట్టుకుంటే చిమచిమలాడించడం మరో సాధారణ లక్షణం; దీని మూలం కంప్యూటర్‌లో గాక గోడలోని సాకెట్‌లో ఉంటుంది.

సరఫరా పెట్టెను మరమ్మతు దుకాణాల్లో ఎస్ఎంపీఎస్ అంటారు. ఏటీ తరం ఎస్ఎంపీఎస్ నుంచి పీ8, పీ9 అనే రెండు కనెక్టర్లు మదర్‌బోర్డుకు వెళ్లేవి; రెండింటి నల్ల తీగలూ మధ్యలో పక్కపక్కన ఉండేలా బిగించాలన్నది నేర్చుకునే ప్రతి కుర్రవాడికీ మొదటి రోజు చెప్పే పాఠం, ఎందుకంటే అవి తారుమారైతే బోర్డు బూడిదే. 1995లో ఇంటెల్ ప్రవేశపెట్టిన ఏటీఎక్స్ పద్ధతిలో ఆ ప్రమాదం పోయింది గాని ప్రారంభం మరింత సంక్లిష్టమైంది. ఏటీ యంత్రంలో ముందు మీట నేరుగా మెయిన్స్ కరెంటునే తెంచి కలిపేది; ఏటీఎక్స్‌లో మీట ఒక చిన్న సంకేతం మాత్రమే. గోడ దగ్గర స్విచ్ వేసి ఉన్నంత కాలం ఎస్ఎంపీఎస్‌లోని ఒక చిన్న విభాగం ఊదా తీగ మీద 5 వోల్టుల స్టాండ్‌బై సరఫరాను ఇస్తూనే ఉంటుంది. మీట నొక్కినప్పుడు మదర్‌బోర్డు ఆకుపచ్చ తీగను సున్నా వోల్టులకు లాగితే ప్రధాన విభాగం మేల్కొంటుంది. వోల్టేజీలు స్థిరపడ్డాక 100 నుంచి 500 మిల్లీసెకన్లలో బూడిద రంగు తీగ మీద పవర్ గుడ్ సంకేతం వస్తుంది. 12 వోల్టుల తీగ మీద 11.4 నుంచి 12.6 వరకూ, 5 వోల్టుల మీద 4.75 నుంచి 5.25 వరకూ హద్దులు. పగలూ రాత్రీ పనిచేసే స్టాండ్‌బై విభాగంలోని చిన్న కెపాసిటర్ ఎండిపోయినప్పుడు, ముఖ్యంగా చలికాలపు ఉదయాల్లో, దాని అంతర్గత నిరోధం పెరిగి యంత్రం మీటకు స్పందించదు. కాసేపు గోడ స్విచ్ వేసి ఉంచితే కెపాసిటర్ వేడెక్కి అదే యంత్రం ఏమీ జరగనట్టు మొదలవుతుంది. పొద్దున మొరాయించి మధ్యాహ్నం నడిచే కంప్యూటర్ల వెనుక ఉన్న కారణాల్లో ఇది అతి సాధారణమైనది.

లోహ స్పర్శకు సంబంధించిన లోపాల్లో ర్యామ్‌ది మొదటి స్థానం. 1990ల నాటి యంత్రాల్లో బంగారు పూత అంచులున్న మెమరీ పట్టీలను తగరపు పూత ఉన్న సాకెట్లలో బిగించినప్పుడు, వేడి హెచ్చుతగ్గులకు కలిగే సూక్ష్మ కదలికల వల్ల తగరం ఆక్సైడుగా మారి స్పర్శకు అడ్డుపడేది. సాకెట్లన్నీ బంగారు పూతకు మారాక కూడా దుమ్ము, సముద్రతీర పట్టణాల ఉప్పు గాలి, వానాకాలపు తేమ ఈ లోపాన్ని బతికించే ఉంచాయి. పట్టీని తీసి పెన్సిల్ రబ్బరుతో అంచులు రుద్ది మళ్లీ బిగించడం ఈ దేశపు మరమ్మతు విద్యలో అందరికీ తెలిసిన చిట్కా. అది పనిచేస్తుంది కూడా. అయితే ఆ బంగారు పూత మందం మైక్రానులో కొంత భాగమే కాబట్టి, పదేపదే రుద్దితే పూత అరిగి లోపం శాశ్వతమవుతుంది; ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడమే క్షేమమని అనుభవజ్ఞులు చెబుతారు.

బ్యాటరీ కథ కూడా ఇక్కడే చేరుతుంది. ఐబీఎం ఏటీలో తేదీ, డిస్కు వివరాలు కరెంటు లేనప్పుడు కూడా నిలవడానికి సీమాస్ అనే అతి తక్కువ విద్యుత్ వాడే మెమరీని బ్యాటరీ మీద నడిపారు. తర్వాతి 386, 486 తరం బోర్డుల మీద సోల్డర్ చేసిన నికెల్ కాడ్మియం బ్యాటరీలు కొన్నేళ్లకు కారి, ఆ క్షారం చుట్టూ ఉన్న రాగి గీతలను తినేసేది. 3 వోల్టుల సీఆర్2032 బిళ్ల బ్యాటరీ వచ్చాక ఆ నష్టం తప్పింది. ఇప్పుడు అది అయిపోతే గడియారం వెనక్కి పోవడం, ప్రారంభ క్రమం మారిపోయి డిస్కు దొరకలేదన్న సందేశం రావడం మాత్రమే జరుగుతుంది.

ఉబ్బిన కెపాసిటర్ల దశాబ్దం

ఆగి ఆగి వచ్చే లోపాల చరిత్రలో అన్నిటికంటే విస్తృతమైన ఘట్టం 1999 నుంచి 2007 వరకూ నడిచింది. ప్రాసెసర్ పక్కన వరుసగా నిలబడి దాని వోల్టేజీని నిలకడగా ఉంచే అల్యూమినియం ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లలో, తైవాన్‌లోని కొన్ని కంపెనీలు నీటి శాతం ఎక్కువగా ఉన్న ద్రావణాన్ని దానికి అవసరమైన రక్షక రసాయనాలు లేకుండా వాడాయి. నీరు అల్యూమినియంతో చర్య జరిపి హైడ్రోజన్ వాయువును పుట్టిస్తే, కెపాసిటర్ పైభాగాన ఒత్తిడి విడుదల కోసం ముందే చెక్కి ఉంచిన గీతలు ఉబ్బి, చివరికి పగిలి గోధుమ రంగు పొడిని కక్కేవి. 2002–03లో ఈ సంగతి సాంకేతిక పత్రికల్లోకి ఎక్కింది. 2005లో డెల్ సంస్థ తన ఆప్టిప్లెక్స్ యంత్రాల్లోని ఇలాంటి కెపాసిటర్ల మూలంగా సుమారు 30 కోట్ల డాలర్ల ఖర్చును లెక్కల్లో చూపవలసి వచ్చింది. కెపాసిటర్ లోపలి వేడి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా దాని ఆయుష్షు సగానికి తగ్గుతుందన్నది ఈ రంగంలో వాడుకలో ఉన్న సూత్రం. గది ఉష్ణోగ్రతే 40 డిగ్రీలకు చేరే వేసవుల్లో నడిచే యంత్రాలకు అది ఎంత భారమో వేరుగా చెప్పనక్కరలేదు. ఈ దశాబ్దం చిప్ లెవెల్ విద్యకు పెద్ద పాఠశాల అయింది: కంటికి కనిపించే లోపం, తక్కువ ధరలో దొరికే కొత్త కెపాసిటర్, ఓ మాదిరి సోల్డరింగ్ నైపుణ్యం కలిసి, పారేయవలసిన బోర్డులకు మళ్లీ ఏళ్ల తరబడి ఆయుష్షు పోశాయి.

అదే కాలంలో 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ అనే వైరస్ కొన్ని రకాల మదర్‌బోర్డుల్లోని బయోస్ పాఠాన్నే చెరిపేసి యంత్రాలను మొదలుకాకుండా చేసింది. సాకెట్‌లో ఉన్న బయోస్ చిప్పును తీసి, అదే రకం మరో బోర్డు సహాయంతో తిరిగి రాయడం టెక్నీషియన్లు కనుగొన్న మార్గం. ప్రారంభ ప్రోగ్రాము కూడా చెడగల, బాగుచేయగల భాగమేనని ఆ అనుభవం స్థిరపరచింది.

తీసివేత పద్ధతి

ఈ అనుభవాలన్నిటి నుంచి తేలిన పద్ధతి సరళమైనది, క్రమశిక్షణను కోరేది. మొదట గోడ సాకెట్, ఎర్తింగ్, కేబుల్ చూడాలి. తర్వాత ముందు మీట ఇరుక్కుపోయిందేమో తేల్చడానికి దాని తీగను తీసి మదర్‌బోర్డు మీది రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో క్షణం పాటు కలపాలి. ఆ తర్వాత ఎస్ఎంపీఎస్‌ను బోర్డు నుంచి విడదీసి ఆకుపచ్చ తీగను నల్ల తీగకు కలిపి, ఏదైనా భారం పెట్టి వోల్టేజీలు కొలవాలి. అవి సరిగా ఉంటే బోర్డు, ప్రాసెసర్, ఒక్క ర్యామ్ పట్టీ, చిన్న స్పీకరు మాత్రమే ఉంచి మిగతావన్నీ తీసేయాలి. ఇక్కడ ఒక సూక్ష్మమైన పరీక్ష ఉంది: ఆ ఒక్క ర్యామ్‌ను కూడా తీసి మీట నొక్కినప్పుడు బోర్డు ఫిర్యాదుగా బీప్ చేస్తే, ప్రాసెసర్, బయోస్, బోర్డులోని ప్రధాన సరఫరా పనిచేస్తున్నట్టే, ఎందుకంటే ర్యామ్ లేదని గుర్తించి చెప్పడానికే అవన్నీ కావాలి. మౌనంగా ఉంటే వెతకవలసిన చోటు ఆ మూడింటికి పరిమితమవుతుంది. ఆ తర్వాత తీసిన భాగాలను ఒక్కొక్కటిగా చేరుస్తూ, చేర్చిన ప్రతిసారీ పూర్తిగా చల్లారిన స్థితి నుంచి పలుమార్లు మొదలుపెట్టి చూడాలి.

ఆగి ఆగి వచ్చే లోపానికి ఈ పలుమార్లు అన్నదే ప్రాణం. ఒకేసారి రెండు భాగాలు మార్చి యంత్రం మొదలైతే బాగుపడింది దేనివల్లనో తెలియదు. ఒకసారి మొదలైనంత మాత్రాన బాగుపడిందనడానికీ లేదు. అనుమానం ఉన్న చోట హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి, శీతల స్ప్రేతో చల్లార్చి లోపాన్ని కోరి రప్పించడం, మొరాయించిన వేళ, గది వేడి, ఎంతసేపు ఆఫ్‌లో ఉందన్న వివరాలు రాసి పెట్టుకోవడం నిపుణులను మిగతావారి నుంచి వేరుచేసే అలవాట్లు.

మూతపడుతున్న పెట్టె

2005లో ఏర్పడిన యూఈఎఫ్ఐ ఫోరం ఆధ్వర్యంలో పాత బయోస్ స్థానాన్ని మరింత శక్తిమంతమైన కొత్త ప్రారంభ వ్యవస్థ ఆక్రమించింది. 2012లో విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ వల్ల షట్ డౌన్ చేసినప్పుడు కూడా ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం డిస్కులో యథాతథంగా భద్రమై తిరిగి వస్తుంది. కాబట్టి పూర్తిగా కొత్తగా మొదలవాలంటే షట్ డౌన్ కంటే రీస్టార్టే సరైనదన్న విచిత్ర పరిస్థితి ఏర్పడింది, పాత కోల్డ్, వార్మ్ తేడా తలకిందులైంది. డీడీఆర్5 మెమరీ ఉన్న యంత్రాల్లో మొదటిసారి ఆన్ చేసినప్పుడు మెమరీతో సమయాలను సరిచూసుకునే శిక్షణ దశ కొన్ని నిమిషాలు పట్టవచ్చు. నల్లటి తెరను చూసి యంత్రం చెడిందని మధ్యలోనే కరెంటు తీయడం కొత్త తరహా పొరపాటు. మరోవైపు 2006 జులై నుంచి ఐరోపాలో సీసంపై ఆంక్షలు అమలై సీసం లేని సోల్డర్ ప్రపంచమంతటా వాడుకలోకి రావడం, చిప్పుల అడుగున కంటికి కనిపించని బంతుల రూపంలో అతుకులు ఉండటం వల్ల, పగుళ్లిచ్చిన అతుకులను రీబాలింగ్ యంత్రంతో తిరిగి అతికించే ఖరీదైన పని చిప్ లెవెల్ విద్యలో భాగమైంది. ర్యామ్, డిస్కు, బ్యాటరీ బోర్డుకే అతికించి వచ్చే ల్యాప్‌టాప్‌లలో తీసివేత పద్ధతికి చోటే తక్కువ.

అన్నిటికంటే పెద్ద మార్పు సర్క్యూట్ చిత్రాలు రహస్యాలు కావడం. 1981లో పుస్తక రూపంలో కొనుక్కోగలిగిన సమాచారం నేటి బోర్డులకు తయారీదారుల అధీకృత కేంద్రాలకే పరిమితమైంది; మిగతా టెక్నీషియన్లు అనధికారికంగా చేతులు మారే చిత్రాల మీద, తమ కొలతల మీద ఆధారపడుతున్నారు. భారత వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కుపై కమిటీని నియమించి, ఆ డిసెంబరులో ఒక పోర్టల్‌ను ప్రారంభించడం సరైన దిశలో వేసిన అడుగు. కానీ మరమ్మతు హక్కు అన్నది విడిభాగాల లభ్యతతోనే పూర్తికాదు. సర్క్యూట్ చిత్రం, స్వీయ పరీక్ష సంకేతాల పట్టిక, ప్రతి సరఫరా తీగ మీద ఉండవలసిన వోల్టేజీ అనే మూడూ కొన్నవారి చేతికి అందినప్పుడే అది హక్కు అవుతుంది.

ఈ బాధ్యత తయారీదారులది మాత్రమే కాదు. సీటీసీ బల్లల మీదా జిల్లా కేంద్రాల్లోని చిన్న దుకాణాల్లోనూ మూడు దశాబ్దాలుగా పోగైన జ్ఞానం, ఏ బోర్డులో ఏ కెపాసిటర్ ముందు పోతుంది, ఏ ఊరి గాలికి ఏ సాకెట్ త్వరగా పాడవుతుంది అన్న విలువైన పరిశీలన, దాదాపు అంతా గురువు నుంచి శిష్యుడికి నోటి మాటగానే నడిచింది. వ్యవసాయం, వైద్యం, చేనేత వంటి వృత్తుల్లో తరతరాల అనుభవాన్ని తెలుగులో గ్రంథస్థం చేసినట్టే, ఈ విద్యనూ పటాలతో, కొలతలతో, లోపాల పట్టికలతో తెలుగులో రాసి ఉంచడం ఇప్పుడు చేయవలసిన పని. ఆ అనుభవం ఉన్న తరం ఇంకా పనిలో ఉండగానే అది జరగాలి.